వరదొస్తే చెరిసగం

గోదావరికి పెద్ద వరద వచ్చి మా లంకల్లో ఇళ్ళు మునిగిన ఏటికి అది నాలుగో ఏడు. శ్రావణమాసం. కువైట్‌లోకి ఇరాక్ ట్యాంకులు దిగి పన్నెండో రోజు.

ఆ సాయంత్రం సూరాయమ్మ అన్నం వడ్డించలేదు. గిన్నె మీద మూత పెట్టి, ఆ మూత మీద చెయ్యి వేసుకుని కూర్చుంది.

కువైట్‌లో ఫర్వానియా అనే పేటలో మా గది ఒకటే. అందులో అప్పటికి అయిదుగురం. నేను మేస్త్రీని. ఈశ్వరయ్య సెంట్రింగ్ వడ్రంగి, కడప జిల్లా మనిషి. ఖాసిం వలి ఇనుము కట్టేవాడు, అతనిదీ ఆ వైపే. బుజ్జిబాబు నా బావమరిది, కాంక్రీటు పని. నా భార్య సూరాయమ్మ ఒక కువైటీల ఇంట్లో వంట చేసేది. ఆ ఇంటి మామా, అంటే యజమానురాలు, పిల్లలను కారులో వేసుకుని సౌదీ దారి పట్టిన రోజు, ఈమెను మా గుమ్మం ముందు దించి పోయింది. గదికి అడ్డంగా దుప్పటి కట్టుకున్నాం. ఇటు మేమిద్దరం, అటు వాళ్ళు ముగ్గురు.

అన్నం గిన్నె దగ్గరికి గొడవ ఎలా వచ్చిందంటే, నాకు చెప్పకుండా ఈశ్వరయ్య మా సెంట్రింగ్ చెక్క అంతా బేరం పెట్టాడు. దజీజ్‌లో గోదాము ఉన్న వ్యాపారి ఒకడు మూడు వందల దీనార్లకు ఒప్పుకుని, యాభై బయానా ఇచ్చాడు. తెల్లవారి ఆరింటికి లారీ వస్తుంది. పది గంటలకు మిర్కాబ్ నుంచి బస్సు. బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ దాకా తీసుకుపోతానని డ్రైవరు తలకు యాభై అడుగుతున్నాడు, పాస్‌పోర్టు లేనివాణ్ణి కూడా ఎక్కించుకుంటానంటున్నాడు. ఆ తరవాతి బస్సు ఎప్పుడో, అసలు ఉంటుందో లేదో ఎవరికీ తెలియదు.

ఈ సంగతి ఆ సాయంత్రం దాకా ఇంట్లో నాకు తప్ప అందరికీ తెలుసు. సూరాయమ్మకు కూడా తెలుసు. అందుకే ఆమె నా ముఖం చూడకుండా మూత వైపు చూస్తోంది.

మా చెక్క గోదాములో లేదు. నాలుగు వీధుల అవతల అబూ సాలెం అనే కువైటీ కట్టుకుంటున్న ఇంటి పైకప్పు కింద ఉంది. ట్యాంకులు రాకముందు రోజే ఆ పైకప్పు పోశాం. రేపటికి పదమూడు రోజులు. అంత పెద్ద హాలుకు ఇరవై ఒక్క రోజులు నిండందే నేను చెక్కను మోసే ఇనప జాకీ మీద చెయ్యి వెయ్యను.

"చెక్క తీసేస్తే పైకప్పు సంగతేంటి?" అని అడిగాను.

"పైకప్పు ఆయప్పదన్నా. చెక్క మనది," అన్నాడు ఈశ్వరయ్య.

అతను చెడ్డవాడు కాదు. మూడేళ్ళు నా పక్కన పని చేశాడు. ఒక మేకు వంకర పోతే తీసి మళ్ళీ కొట్టే మనిషి. కానీ భయం పట్టుకుంది. ఖాసిం వలి ఇంకా అన్యాయం, పాస్‌పోర్టు వీసా ఇచ్చిన కఫీల్ దగ్గర ఉండిపోయి, కఫీల్ ఎక్కడున్నాడో తెలియక రెండు రోజులుగా సరిగా అన్నం ముట్టడం లేదు.

ఒప్పందం ఏమిటో అందరికీ తెలిసిందే, అయినా మళ్ళీ చెప్పాను. అబూ సాలెంతో మాది గుత్త పని. మూడు వాయిదాలు, ఒక్కొక్కటి రెండు వందలు. ఇనుము కట్టాక ఒకటి, కాంక్రీటు పోసిన మర్నాడు ఒకటి, చెక్క విప్పిన రోజు ఒకటి. చెక్క విప్పేదాకా పైకప్పు మా పూచీ. పగిలినా, వంగినా మా ఖర్చుతో మళ్ళీ పోయాలి. విప్పిన క్షణం నుంచి అది ఇంటివాడి పూచీ.

మొదటి వాయిదా చేతికొచ్చింది. రెండోది ఇవ్వవలసిన ఉదయమే ట్యాంకులు వచ్చాయి. బ్యాంకు తలుపు తెరవలేదు.

ఈశ్వరయ్య దాన్నే పట్టుకున్నాడు.

"నువ్వు మేస్తిరివి, నేను కాదన్ను. నువ్వు నిలబడమంటే ఏ ఎత్తునన్నా నిలబడినా. ఇప్పుడు మాత్రం నా మాట ఇను. రెండో వాయిదా ఆయప్ప ఈలేదు. ఈకపోతే కాగితం ఖలాస్. మన చెక్క మనం పీక్కుంటే తప్పు యాడుంది?"

"వరద మాట కూడా ఆ కాగితంలో ఉంది," అన్నాను.

ఆ మాట అక్కడున్న అందరికీ తెలుసు. ఒకప్పుడు అందరూ దాని మీద నవ్వుకున్నవాళ్ళే.

లంకల్లో పని చేసినవాణ్ణి నేను. గుత్త మాట్లాడుకునేటప్పుడు వరదొస్తే నష్టం చెరిసగం అని ముందే అనిపించుకోకపోతే నాకు నిద్ర పట్టదు. అబూ సాలెంతో కూర్చున్న రోజు కూడా అదే అడిగాను. ఆయన కిటికీలోంచి ఇసుక చూపించి, పొట్ట పట్టుకుని నవ్వాడు. ఇక్కడ ఏ నది ఉందయ్యా అన్నాడు. నేను లేవలేదు. చివరికి ఆయనే కాగితం అడుగున అరబ్బీలో ఒక వరస రాసి, సంతకం పెట్టాడు. ఆ తరవాత నెల రోజులు బుజ్జిబాబు ఎక్కడ నీళ్ళ బకెట్టు కనిపించినా వరదొచ్చింది బావా అని ఎగతాళి చేశాడు.

"వరదంటే నీళ్ళు కదన్నా," అన్నాడు ఈశ్వరయ్య. "ఈడ నీళ్ళేడుండాయి?"

"గట్టు తెగింది. నేను తెంపలేదు, ఆయన తెంపలేదు. నాకు తెలిసిన వరద అదే."

బుజ్జిబాబు గోడకు ఆనుకుని కూర్చుని, ఎటూ తేల్చకుండా ఒక చురక వేశాడు.

"బావ రోజూ చెక్‌పోస్టు దాటుకుని ఎల్లి ఆ శ్లాబుకి నీళ్ళు పడతన్నాడు. మొన్న అక్కకి జొరవొత్తే గ్లాసుడు నీళ్ళిచ్చేడేమో అడగండి."

అది నిజమే. పన్నెండు రోజులూ ఒక్క పూట తప్పకుండా వెళ్ళాను. శ్లాబు మీద సన్నగా గట్లు పోసి, మడి కట్టినట్టు నీళ్ళు నిలిపాను. చెక్‌పోస్టులో ఇరాక్ సైనికుడు ఒకడు మొదటి రోజు నా వెనకే వచ్చి, నిచ్చెన ఎక్కి చూసి, ఏం పంట వేశావని అడిగాడు. ఆ తరవాత నన్ను ఆపలేదు. పిచ్చివాణ్ణని అనుకుని ఉంటాడు. నాకదే మేలయింది.

సూరాయమ్మ అప్పుడు మూత మీద చెయ్యి తియ్యకుండానే మాట్లాడింది. గొంతు పెంచలేదు. ఆమె గొంతు పెంచకపోతేనే నేను జాగ్రత్తపడతాను.

"ఏవయ్యా, ఆ వరదప్పుడు షావుకారు నీకు సగం ఇచ్చేడా?"

నా జవాబు కోసం ఆమె ఆగలేదు.

"ఇయ్యలేదు. నీ చేత మళ్ళీ గోడలెత్తించేడు. నా మెళ్ళో గొలుసు, చెవులయ్యీ అమ్మి సిమెంటు కొన్నావు. ఆ ముంపులోంచి తేలడానికే గదా ఈ దేశం వొచ్చేం. అప్పుడు ఒకడు నిన్ను ముంచితే అది వోడి తెలివి. ఇప్పుడు నువ్వు ఒడ్డెక్కుతానంటే తప్పా?"

అంతా నిజం. ఒక్క మాట కూడా కొట్టెయ్యడానికి లేదు. ఊళ్ళో నేను కడుతున్న షావుకారు ఇంటి పునాది వరదలో కదిలింది. చెరిసగం అనుకున్నాం గదా అని నేను వెళ్ళి అడిగితే, కాగితం చూపించమన్నాడు. కాగితం లేదు. మూడో తరగతితో బడి మానేసినవాణ్ణి, కాగితం అడగాలని నాకు తెలియలేదు.

"ఇవ్వలేదు. అందుకే ఇక్కడ ముందే రాయించుకున్నాను," అన్నాను.

"రాసినోడు ఎక్కడున్నాడు?" అంది సూరాయమ్మ.

కువైటీ మగవాళ్ళను ఇళ్ళలోంచి పట్టుకుపోతున్నారు. అబూ సాలెం ఎవరింట్లో తలదాచుకున్నాడో నాకు తెలియదు. పన్నెండు రోజులుగా ఆయన ముఖం చూడలేదు.

ఈశ్వరయ్య గొంతు మెత్తబడింది. పొద్దున్నే అయిదింటికి పోదాం పా అన్నా, రెండు గంటల్లో అంతా విప్పేస్తా అన్నాడు. చెక్క మా నలుగురి వాటాలతో కొన్నది. నాది ఒక్కటే వాటా. మిగతా ముగ్గురూ ఒకవైపు ఉంటే మేస్త్రీ మాట ఎంతసేపు నిలుస్తుంది?

తలుపు మీద వేళ్ళతో ఎవరో రెండుసార్లు కొట్టారు.

బుజ్జిబాబు సందులోంచి చూసి, ఎవరో పాకిస్తానీ అన్నాడు. తలుపు తీస్తే మాసిన సల్వారు కమీజులో, గడ్డం గీసేసుకుని అబూ సాలెం నిలబడి ఉన్నాడు. షర్క్ చేపల మార్కెట్లో మూడు పడవల యజమాని. తెల్లటి బట్టల్లో తప్ప మేమెప్పుడూ చూడని మనిషి. లోపలికి వచ్చి తలుపు తానే మూశాడు.

వాళ్ళ నాన్న కాలంలో బొంబాయికి పడవలు నడిపినవాళ్ళు. ఆయనకు హిందీ వచ్చు. ఎలా ఉన్నారని అందరినీ పేరుపేరునా అడిగాడు. కూర్చోమంటే కూర్చోలేదు. కర్ఫ్యూకు ముందు వెళ్ళిపోవాలన్నాడు. కమీజు కింద నడుముకు కట్టుకున్న గుడ్డ విప్పి నోట్లు నా చేతిలో పెట్టాడు. వంద దీనార్లు. ఒక పడవ మోటారు, ఇచ్చినంతకు అమ్మేశానన్నాడు.

"రెండో వాయిదా రెండు వందలు. వరద వచ్చింది, గంగరాజ్. నుస్ నుస్. నా సగం ఇది."

నుస్ నుస్ అంటే చెరిసగం. ఆ కాగితంలో ఆయన రాసిన మాట అదే.

పైకప్పు ఎలా ఉందని ఆయన అడగలేదు. చెక్క ఉందా, ఎవరైనా ఎత్తుకుపోయారా అనీ అడగలేదు. నేనూ చెప్పలేదు. ఈశ్వరయ్య తల దించుకుని కాలి బొటనవేలు చూసుకుంటున్నాడు. బయానా నోట్లు అతని దిండు కిందే ఉన్నాయి.

అప్పుడు సూరాయమ్మ గిన్నె మూత తీసింది. కంచంలో అన్నం, పప్పు పెట్టి మొదట ఆయన ముందుంచింది. ఆయన ఒక్క క్షణం తటపటాయించి, నేల మీద కూర్చుని నాలుగు ముద్దలు తిన్నాడు. చెయ్యి కడుక్కుని, కమీజు సర్దుకుని, వచ్చినట్టే వెళ్ళిపోయాడు.

మేమూ తిన్నాం. ఖాసిం వలి ఒక్కడే రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు, రెండు రోజుల తరవాత.

గిన్నెలు కడుగుతూ, నా వైపు తిరక్కుండా సూరాయమ్మ అడిగింది.

"ఆయన సగం ఆయనిచ్చేడు. నీ సగం ఏంటి?"

నేను అగ్గిపెట్టె తీసి నేల మీద పుల్లలు పేర్చాను. ఏడు వరుసలు. ఆ హాలు కింద జాకీలు ఏడు వరుసలు నిలబెట్టాం. ఈశ్వరయ్య మొదట దూరం నుంచి చూశాడు, తరవాత దగ్గరికి జరిగాడు. రెండు గోడల పక్కా రెండేసి వరుసలు తీసేశాను. మధ్య మూడు వరుసలు వదిలేశాను.

"పక్కల చెక్క మాత్రం విప్పుదాం," అన్నాను. "నడుము కింద ఈ మూడు వరుసలు ఉంటే, అటు గోడ, ఇటు గోడ, మధ్యలో ఇవి. పదమూడు రోజులు నీళ్ళు తాగిన పలక ఆ మాత్రం నిలబడుతుంది. మిగతా ఎనిమిది రోజులు దానికి కావలసింది నడుము దగ్గరే."

"నిలబడకుంటే?"

"నిలబడుతుంది."

ఈశ్వరయ్య పుల్లల వంక చాలాసేపు చూశాడు. వడ్రంగి కదా, అతని కళ్ళు లెక్క వేసుకుంటున్నాయి. ఒక పుల్లను వేలితో కొంచెం జరిపి, మళ్ళీ అక్కడే పెట్టాడు. నడిమి వరసల మేకు కూడా తాకను అన్నాడు. వ్యాపారి సగం చెక్కకు ఒప్పుకోకపోతే ఏంది అని అడిగాడు. ఒప్పుకుంటాడు, ఈ రోజుల్లో వాడికి చెక్క ఎవడిస్తాడు అన్నాను.

అలా ఆ సగం మా నష్టమైంది. అమ్ముకోగలిగిన చెక్క అమ్ముకోకుండా ఆయన ఇంటి కింద వదిలెయ్యడం. ఆయన మోటారు అమ్మాడు, మేము చెక్క వదిలాం. నా చేతిలో కాగితం లేకపోయినా అలాగే చేసేవాణ్ణని చెప్పను. కాగితం ఉండబట్టే నాకు ధైర్యం.

కానీ ఒక లెక్క నేను పైకి అనలేదు. సూరాయమ్మ అది అప్పటికే వేసుకుందని దీపం ఆర్పేటప్పుడు ఆమె ముఖం చూస్తే తెలిసింది. దుప్పటి అవతల ముగ్గురూ గురక పెట్టేదాకా ఇద్దరం పైకప్పు చూస్తూ పడుకున్నాం.

మర్నాడు పొద్దున్న నేను లేచేసరికి ఆమె మూట కడుతోంది. ఒకటే మూట. అందులో ఎవరి బట్టలున్నాయో నేను అడగలేదు. గునపం, సమ్మెట తీసుకుని బయటికి వచ్చాను.

అబూ సాలెం ఇల్లు ఖాళీగా ఉంది. ఖాసిం వలి, బుజ్జిబాబు బయట నిలబడ్డారు. మా పనిలో ఒక పద్ధతి ఉంది. మొదటి జాకీ వదులు చేసేటప్పుడు మేస్త్రీ పైకప్పు కింద నిలబడాలి. తన మాట మీద వడ్రంగి మర తిప్పుతున్నాడు కాబట్టి, పడితే ముందు తన మీద పడాలి. నేను హాలు తూర్పు గోడ దగ్గర నిలబడి, తిప్పమన్నాను.

ఈశ్వరయ్య మర పావు చుట్టు తిప్పాడు. ఆగాడు. ఇంకో పావు. చెక్క కిర్రుమంది. ఇసుక రేణువులు నా మెడ మీద రాలాయి. సమ్మెట కర్రతో పైకప్పును తట్టి విన్నాను. గట్టి చప్పుడు. కుండ చప్పుడు కాదు, బండ చప్పుడు.

"కానియ్యి," అన్నాను.

ఎనిమిదింటికల్లా నాలుగు వరుసలు విప్పేశాం. అడుగున కాంక్రీటు అద్దంలా వచ్చింది. గీత లేదు. ఈశ్వరయ్య దాన్ని అరచేత్తో నిమిరి, నా వైపు చూసి తల ఊపాడు. మూడేళ్ళలో అతను నన్ను మెచ్చుకోవడం అదే.

వ్యాపారి మాటిచ్చినట్టు ఆరింటికే వచ్చి, సగమే అని తెలిసి రెండు గంటలు సణిగాడు. చివరికి బయానా పోను అరవై చేతిలో పెట్టి, లారీ నింపుకుని పోయాడు. అబూ సాలెం ఇచ్చిన వందా, ఈ నూటపదీ కలిపి ఈశ్వరయ్యకిచ్చాను. మిర్కాబ్‌లో నాలుగు సీట్లు తీసుకోమన్నాను.

"నాలుగేందన్నా? అయిదుగురం కదా."

"ఎనిమిది రోజుల తరవాత ఈ మూడు వరుసలు ఎవరు విప్పుతారు?"

అతను నోట్లు మళ్ళీ లెక్కపెట్టాడు. బుజ్జిబాబు బావా అంటూ ముందుకొచ్చాడు. అక్కను జాగ్రత్తగా తీసుకెళ్ళు, గదికి పోయి మూట అందుకో, పొద్దెక్కుతోంది అన్నాను. ఈశ్వరయ్య నడుముకు దోపుకున్న తన సుత్తి తీసి నా చేతిలో పెట్టాడు. ఎవరినీ ముట్టుకోనివ్వని సుత్తి అది. యల్లా, పదండి అని వాళ్ళిద్దరినీ తోలుకుని వెళ్ళిపోయాడు.

ముగ్గురూ వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడ్డాను. తరవాత నిచ్చెన ఎక్కాను.

పక్కల విప్పిన చోట పైన ఎక్కడైనా పగులు పోయిందేమోనని వంగి వంగి చూశాను. లేదు. రాత్రి నిలిపిన నీళ్ళు చాలావరకు ఇగిరిపోయాయి. ఎండ అప్పటికే కాళ్ళు కాలుస్తోంది. పైపు చేతిలోకి తీసుకున్నాక గుర్తొచ్చింది, కింద కుళాయి తిప్పకుండా ఎక్కేశాను. దిగుదామని నిచ్చెన వైపు ఒక అడుగు వేశాను.

పైపు చేతిలో కదిలింది. ముందు గాలి బుసకొట్టింది, తరవాత నీళ్ళు వచ్చాయి.

మిర్కాబ్‌లో బస్సుకు వేళ దగ్గరపడింది. ఆ ఇంట్లో నేను తప్ప ఎవరూ ఉండకూడదు.

కుళాయి దగ్గర గాజుల చప్పుడైంది. నేను కిందకి తొంగి చూడలేదు. పడమటి మూల నుంచి నీళ్ళు పట్టడం మొదలుపెట్టాను.